ప్రయాణ సందేహాలు: విదేశంలో వేటకు వెళ్లేవారి సామాను

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదారు ఒకే విషయం అడిగాయి. గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాల తెలుగు ఇళ్ల నుంచి పిల్లలు అమెరికాకూ న్యూజీలాండ్‌కూ వెళ్లి స్థిరపడ్డాక, వారిని చూడటానికి తల్లిదండ్రులు వెళ్లడం, అక్కడి చట్టం అనుమతించిన వేటకు వారినీ తోడు రమ్మనడం ఇప్పుడు అరుదైన సంగతి కాదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణల తరువాత సరదా వేట అన్నదే లేకుండా పోయింది కాబట్టి, అలాంటి ప్రయాణానికి ఏం సర్దుకోవాలో, ఏం వదిలిపెట్టాలో అనుభవంతో చెప్పగల పెద్దలు మన ఊళ్లలో మిగల్లేదు. విమానాశ్రయంలో సామాను తనిఖీ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి విరమించినవాడిగా నాకు రూఢిగా తెలిసిన మేరకు జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 61. పంట రక్షణ కోసం మా ఇంట్లో ఒంటి గొట్టం పన్నెండు బోరు తుపాకీ ఉంది, లైసెన్సు నా పేరనే ఉంది. మా అబ్బాయి టెక్సాస్‌లో హెచ్-1బి వీసాపై ఉద్యోగం చేస్తున్నాడు. నవంబరులో నేను బి-2 వీసాపై మూడు నెలలు ఉండటానికి వెళ్తున్నాను. స్నేహితుడి రాంచ్‌లో (పశువులను పెంచే పెద్ద కమతంలో) అడవిపందుల వేటకు తీసుకువెళ్తానంటున్నాడు. చేతికి అలవాటైన నా తుపాకీనే వెంట తీసుకువెళ్లవచ్చా? విమానంలో దానిని ఎలా సర్దాలి? (పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తీసుకువెళ్లవద్దండీ. చట్టం ససేమిరా అంటుందని కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం 10వ సెక్షన్, ఆయుధం ఉంచుకొనే హక్కు ఉన్న వ్యక్తి దానిని తన సొంత వాడకానికి, తగుమాత్రం తూటాలతో దేశం దాటించడానికి ఒక వెసులుబాటు ఇస్తుంది. అయితే మీ గుమ్మం నుంచి ఆ రాంచ్ గేటు వరకూ ఉన్న తలుపుల్లో ఆ వెసులుబాటుతో తెరుచుకొనేది ఒక్కటే. మీ లైసెన్సు పుస్తకం తీసి, అది ఏ ప్రాంతంలో చెల్లుతుందని రాసి ఉందో ముందు చూడండి. పంట రక్షణకు ఇచ్చిన లైసెన్సుల్లో ఆ చోట జిల్లా పేరో, ఒడిశా అనో ఉండటం మామూలు. పర్లాకిమిడి నుంచి విశాఖపట్నం బయలుదేరినవారు ఊరు దాటిన కొద్దిసేపటికే పాతపట్నం దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో అడుగు పెడతారు. లైసెన్సు చెల్లని నేల మీద తుపాకీ పట్టుకొని ఉన్నారన్న మాట విమానాశ్రయం కనపడక ముందే మీకు వర్తిస్తుంది. అది సరిచేయించుకున్నా, విమాన సంస్థ ముందస్తు అంగీకారం కావాలి. మధ్యలో విమానం మారే దేశంలో, మీరు బయటికి అడుగు పెట్టకపోయినా, తుపాకీ ఆ నేల మీద దిగి ఎక్కుతుంది కనుక అక్కడి అనుమతి సంగతి కూడా చూసుకోవాలి. అమెరికాలోకి తాత్కాలికంగా తుపాకీ తేవడానికి ఏటీఎఫ్ అనే సమాఖ్య సంస్థకు ‘ఫారం 6ఎన్ఐఏ’ దరఖాస్తు ముందుగానే పంపి ఆమోదం తెచ్చుకోవాలి, దానికి అక్కడి వేట లైసెన్సు నకలు జతచేయాలి. తిరిగి వచ్చేటప్పుడు, వెంట తీసుకువెళ్లిన తుపాకీనే వెనక్కి తెస్తున్నామని మన కస్టమ్స్ వారికి కాగితాలతో చూపించాలి. రెండు రోజుల వేట కోసం ఇంత భారం ఎందుకు? రాంచ్ యజమాని దగ్గర తుపాకులు ఉంటాయి, అతిథికి ఇవ్వడం అక్కడ మామూలే.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పి తీరాలి, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడ ఉంది. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం, వలసేతర వీసాపై (అంటే శాశ్వతంగా స్థిరపడటానికి కాని వీసాపై) ఆ దేశంలో ఉన్న విదేశీయుడు తుపాకీ గానీ తూటా గానీ తన అధీనంలో ఉంచుకోవడం నేరం. ఈ మాట మీ బి-2 వీసాకూ, మీ అబ్బాయి హెచ్-1బి వీసాకూ సమానంగా వర్తిస్తుంది. అక్కడ సొంత ఇల్లు, కారు, పన్ను లెక్కలు అన్నీ ఉన్నా హెచ్-1బి వలసేతర వీసాయే. ఈ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో మనవారికి అందుబాటులో ఉన్నది ఒకటి: అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండటం.

చదువుకున్న పిల్లలు కూడా పొరపాటు పడేది సరిగ్గా ఇక్కడే. టెక్సాస్ రాష్ట్రం 2019 సెప్టెంబరు 1 నుంచి, ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవిపందులను వేటాడేవారికి వేట లైసెన్సు అక్కర్లేదని సడలించింది. పంటలకు అవి చేసే నష్టం అంత ఎక్కువ. ‘లైసెన్సు అక్కర్లేదు నాన్నా, ఊరికే వచ్చేయండి’ అని మీ అబ్బాయి అన్నాడంటే, స్నేహితులు చెప్పింది విని అన్నాడని అనుకోవాలి. ఆ సడలింపు రాష్ట్రం ఇచ్చింది, తుపాకీ పట్టుకోవద్దన్న నిషేధం సమాఖ్య ప్రభుత్వానిది. పందిని కొట్టడానికి లైసెన్సు అక్కర్లేకపోయినా, ఆ పందిని కొట్టే తుపాకీని మీ ఇద్దరిలో ఎవరు చేత పట్టాలన్నా లైసెన్సు కావాలి. స్నేహితులు అమెరికా పౌరులైతే వారికి ఏమీ కాదు. కేసంటూ అయితే మీ అబ్బాయికి మాత్రం ఉద్యోగం, వీసా, అక్కడ కట్టుకున్న జీవితం అన్నీ ప్రమాదంలో పడతాయి. కనుక ఇద్దరూ టెక్సాస్ వేట లైసెన్సు తీసుకొని, ఆ కాగితం జేబులో పెట్టుకున్నాకే తుపాకీని తాకండి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు వేట శిక్షణ కోర్సు పూర్తి చేయాలి. మీ వయసు వారికి అది అక్కర్లేదు, మీ అబ్బాయికి కావాలి. రాష్ట్రం బయటి వారికి ఇచ్చే లైసెన్సుల్లో అయిదు రోజులది చవక. పందులకు సరిపోతుంది గానీ తెల్లతోక జింకకు చెల్లదు. అక్కడికి వెళ్లాక మనసు జింక మీదికి మళ్లితే పూర్తి లైసెన్సు తీసుకోవాల్సిందే.

మీరు లేని మూడు నెలలూ ఇంట్లో తుపాకీ సంగతి కూడా ఆలోచించండి. బీరువాలో పెట్టి తాళంచెవి తమ్ముడి చేతికిచ్చి వెళ్లడం మన పల్లెల్లో అలవాటే కానీ, లైసెన్సు లేని మనిషి చేతికి తుపాకీ అప్పగించినట్టే అవుతుంది. పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గర గానీ భద్రపరచమని ఇచ్చి, నంబరుతో సహా రసీదు తీసుకోండి. 2019 సవరణ తరువాత లైసెన్సు కాలపరిమితి అయిదేళ్లు. మీరు అక్కడ ఉన్న నెలల్లో గడువు తీరుతుందేమో బయలుదేరే ముందే చూసుకోండి.

ఇక సంచి. ఈ ఒక్క విషయంలో నా మాట వినండి: పొలానికి, కాపలాకు, వేటకు ఎన్నడైనా వాడిన సంచిని విమాన ప్రయాణానికి తీసుకురావద్దు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక పెద్దాయన కూతురి పురిటికని భార్యతో కలిసి విదేశం బయలుదేరారు. ఆయన చేతిసంచి పాత ఖాకీ కాన్వాసుది. ఎక్స్‌రే తెర మీద మడత పెట్టిన పంచెల కింద వేలెడంత నీడ కనిపించింది, ఒక చివర దట్టమైన బిళ్ల, రెండో చివర గుంపుగా చుక్కలు. సంచి బోర్లించి దులిపాం, ఏమీ రాలేదు. అడుగున లైనింగు కుట్టు విడిపోయిన చోట వేలు దూర్చి తడిమితే చేతికి తగిలింది. ఎర్ర రంగు వెలిసిపోయిన కాగితపు గొట్టం, ఇత్తడి అంచంతా పచ్చగా చిలుము పట్టిన పన్నెండు బోరు తూటా. ఆ పెద్దాయన దానిని చూసి, ‘ఇది మా అన్నయ్యది బాబూ, ఆయన పోయి తొమ్మిదేళ్లయింది’ అన్నారు. ఆయన అబద్ధం చెప్పడం లేదని అక్కడున్న మా అందరికీ తెలుసు. అయినా విమానం వారిద్దరినీ వదిలి వెళ్లింది, కాగితాలు పోలీసుల దగ్గరికి వెళ్లాయి. తన దగ్గర ఆయుధం ఉందన్న ఎరుక లేనివాడిని దాని యజమానిగా ఎంచి శిక్షించలేమన్న సూత్రం 1972లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఇలాంటి కేసులను హైకోర్టులు కొట్టివేయడమూ ఉంది. అయితే ఆ ఎరుక లేదని నిరూపించుకొనేది కోర్టులోనే తప్ప చెక్-ఇన్ కౌంటరు దగ్గర కాదు. కనుక కొత్త సంచి కొనండి, లేదా ఎన్నడూ పొలం చూడని సంచి అరువు తెచ్చుకోండి. పేల్చేసిన ఖాళీ తూటా గొట్టం కూడా, జ్ఞాపకంగానైనా, తాళంచెవుల గుత్తికి తగిలించినదైనా, వద్దు. తూటాలు మోసిన సంచి గుడ్డలో మిగిలిన మందు ఆనవాలును సైతం పేలుడు పదార్థాలను పసిగట్టే యంత్రం పట్టుకోగలదు.

షూటింగ్ పోటీలకు వెళ్లేవారు, అన్ని అనుమతులూ ఉన్నవారు తుపాకీ తీసుకువెళ్లే పద్ధతి వేరు. తుపాకీలో తూటా లేకుండా, గట్టి పెట్టెలో, తాళం వేసి, తాళంచెవి తమ దగ్గరే ఉంచుకొని, చెక్-ఇన్ కౌంటరులో నోటితో చెప్పి అప్పగించాలి. తూటాలు విమాన సంస్థ అంగీకారంతో మనిషికి మొత్తం బరువు 5 కిలోలకు మించకుండా, పెట్టెలో కదలకుండా, చెక్-ఇన్ సామానులోనే వెళ్తాయి. ఇద్దరి వాటా కలిపి ఒకే పెట్టెలో పెట్టడానికి వీల్లేదు. విడి మందుగుండు, నాటు తుపాకీకి వాడే మందు, దానిని అంటించే టోపీలు (క్యాపులు) ఏ సామానులోనూ కుదరవు.

ప్రశ్న: మావారు జూలైలో తమ సంస్థ అతిథిగా దక్షిణాఫ్రికాలోని లింపోపోకు వేటకు వెళ్తున్నారు, తుపాకీ నిర్వాహకులే ఇస్తారట. టికెట్టు అడిస్ అబాబా మీదుగా తీశారు. మిలటరీ వారి మచ్చల బట్టలు రెండు జతలు కొన్నాం. వేరే ఏమైనా జాగ్రత్తలున్నాయా? (రాయగడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ముందు టీకా సంగతి చూడండి. ఇథియోపియా యెల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉంది. అడిస్ అబాబా విమానాశ్రయంలో 12 గంటలకు మించి ఆగితే దక్షిణాఫ్రికా వారు టీకా ధ్రువపత్రం అడుగుతారు. తిరిగి వచ్చేటప్పుడు మన వైపు, విమానాశ్రయం దాటి బయటికి వెళ్లలేదని ఆరోగ్యాధికారికి నమ్మకం కుదిరితే వదులుతారు గానీ, కుదరకపోతే ధ్రువపత్రం లేనివారిని ఆరు రోజుల వరకూ విడిగా ఉంచే అధికారం వారికి ఉంది. విమానం ఆలస్యమై విమాన సంస్థ హోటలుకు పంపించిందంటే లెక్క మారిపోతుంది. అందుకే టీకా వేయించుకోమనే చెబుతాను. అది వేయించుకున్న పది రోజుల తరువాత చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లో వేసి పసుపు పుస్తకం మీద ముద్ర కొడితేనే అది లెక్కలోకి వస్తుంది. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటి కేంద్రం. మీవారికి అరవై దాటాయనుకుంటే ముందు వైద్యుడిని అడిగి వేయించండి. లింపోపోలో పల్లపు ప్రాంతాల్లో మలేరియా ఉంది, దాని మందు గురించీ అప్పుడే అడగండి.

మచ్చల బట్టలు దుకాణానికి తిరిగి ఇచ్చేయండి. దక్షిణాఫ్రికాలో గొడవ లేకపోవచ్చు కానీ, అక్కడి నుంచి విక్టోరియా జలపాతం చూద్దామని జింబాబ్వే లోకో జాంబియాలోకో అడుగు పెడితే, ఆ దేశాల్లో సైనికుల మచ్చల దుస్తులు మామూలు మనుషులు ధరించడం నిషిద్ధం. బట్టలు జప్తు కావడం, నిలిపి ప్రశ్నించడం జరుగుతాయి. గోధుమ, ఆకుపచ్చ, బూడిద రంగుల మామూలు చొక్కాలు చాలు. ముదురు నీలం, నలుపు రంగులు కుట్టి జబ్బు అంటించే త్సెత్సె ఈగలను ఆకర్షిస్తాయి కనుక ఆ ఈగ ఉన్న ప్రాంతాలకు అవి పనికిరావు. ఆఫ్రికా అనగానే మనవారు నూలు చొక్కాలే సర్దుతారు, కానీ అక్కడ జూలై చలికాలం. తెల్లవారుజామున పైకప్పు లేని జీపులో కూర్చుంటే మన కోరాపుట్ కొండల మీది పుష్యమాసపు చలి గుర్తుకు వస్తుంది. ఉన్ని టోపీ, చేతి తొడుగులు, ఒక మందపాటి స్వెట్టరు చేతిసంచిలోనే పెట్టండి. తుపాకీ నిర్వాహకులే ఇస్తారంటున్నారు కాబట్టి ఎస్ఏపీఎస్ 520 అనే దరఖాస్తుతో మీకు పని లేదు. సొంత తుపాకీ తెచ్చేవారు మాత్రం దానిని నింపి, సంతకం పెట్టకుండా ఉంచి, అక్కడి పోలీసు అధికారి ఎదుటే సంతకం చేయాలి.

ప్రశ్న: మా మావయ్యతో కలిసి టెక్సాస్ వెళ్తున్నాను. పవర్ బ్యాంకు, తలకు కట్టుకొనే లైటు, వేట కత్తి, బైనాక్యులర్స్ ఏవి ఎందులో పెట్టాలి? అడవిలో ఫోను అందదని మావయ్య కొడుకు ఉపగ్రహంతో సందేశాలు పంపే పరికరం కొని ఉంచాడు, తిరిగి వచ్చేటప్పుడు నాకే ఇస్తానంటున్నాడు. (జయపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతిసంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో ఉంటే సంచిని విప్పించి తీయిస్తారు. 100 వాట్-అవర్ల లోపు అయితే అనుమతి అక్కర్లేదు, 100 నుంచి 160 మధ్య ఉంటే విమాన సంస్థను అడగాలి, ఆ పైన కుదరదు. డబ్బా మీద ఎంఏహెచ్ మాత్రమే రాసి ఉంటే దానిని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి: 20,000 అంటే 74 వాట్-అవర్లు, బేఫికర్. 30,000 అంటే 111, అడగాల్సిందే. అంకెలు చెరిగిపోయిన పాత పవర్ బ్యాంకును తనిఖీ సిబ్బంది నమ్మరు, నేనూ నమ్మేవాడిని కాను. ఎమిరేట్స్ విమానాల్లో 2025 అక్టోబరు 1 నుంచి ఒక్క పవర్ బ్యాంకునే అనుమతిస్తున్నారు, విమానంలో దానిని వాడనివ్వరు. మీరు ఎక్కే సంస్థ నియమం టికెట్టు తీసిన రోజునే చదవండి. తల లైటులోని బ్యాటరీ తీసి, కొనలకు టేపు అంటించి, చేతిసంచిలో పెట్టండి, పొరపాటున వెలిగి వేడెక్కకుండా ఉంటుంది.

కత్తి ఒరలో, మందపాటి గుడ్డ చుట్టి, చెక్-ఇన్ సామానులో. నిజానికి అది కూడా అక్కడే దొరుకుతుంది. 9 అంగుళాలకు మించిన అలుగు ఉన్న కత్తులు మన ఆయుధ నియమాల్లో మామూలు చాకుల వరసలోకి రావని గుర్తుంచుకోండి. బైనాక్యులర్స్ చేతిసంచిలో పెట్టుకోవచ్చు, గురిపెట్టేటప్పుడు తుపాకీని ఆనించే కర్రలు మాత్రం కింది సామానులోకి. లైటరు, అగ్గిపెట్టె మన విమానాశ్రయాల్లో రెండింటిలోనూ పనికిరావు. పొయ్యికి వాడే గ్యాసు డబ్బాలు, మిరియాల స్ప్రే కూడా అంతే.

ఆ ఉపగ్రహ పరికరాన్ని మాత్రం మీ బావగారి దగ్గరే ఉంచి రండి. ప్రభుత్వ టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోనును గానీ అలాంటి సందేశ పరికరాన్ని గానీ మన దేశంలోకి తేవడం, వాడటం నేరం. అక్కడ దుకాణంలో బూట్ల పక్కన అమ్మే వస్తువే, ఇక్కడ విమానాశ్రయంలో అరెస్టుకు కారణమవుతుంది. ఈ సంగతి తెలియక ఇబ్బంది పడ్డ విదేశీ ప్రయాణికుల వార్తలు పత్రికల్లో వచ్చాయి.

ప్రశ్న: మా చిన్నబ్బాయి న్యూజీలాండ్‌లో ఉంటున్నాడు. ఏప్రిల్‌లో మేం వెళ్తే తన స్నేహితులతో జింకల వేటకు కొండలకు వెళ్దామంటున్నాడు. మాగాయ, నెయ్యి, ఎండు కొబ్బరి, మా పెరటి తేనె తీసుకువెళ్లవచ్చా? మావారు పొలానికి వేసుకొనే బూట్లు గట్టివి, అవే చాలంటున్నారు. (గుణుపురం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ సామానులో అన్నిటికన్నా ప్రమాదకరమైనవి ఆ బూట్లే. మన పశువుల్లో గాలికుంటు వ్యాధి ఉంది, న్యూజీలాండ్‌లో లేదు. ఆ దేశం బతుకంతా గొర్రెలు, ఆవుల మీద ఆధారపడి ఉంది, కనుక పశువుల పాకలో తిరిగిన బూటు అడుగున ఉన్న చారెడు మట్టిని వారు మనం పామును చూసినట్టు చూస్తారు. ప్రయాణికులు ఇవ్వాల్సిన ప్రకటన పత్రంలో చెప్పకుండా తెచ్చినవి దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. కొత్త బూట్లు కొంటే మేలు. లేదంటే అడుగు గాడుల్లోని మట్టిని టూత్‌బ్రష్షుతో గీకి, సబ్బునీళ్లతో కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, సంచిలో అన్నిటికన్నా పైన పెట్టి, అడగక ముందే చూపించండి. చెప్పి చూపించిన వస్తువును వారు తీసుకుంటే వస్తువు పోతుందంతే, జరిమానా ఉండదు.

తేనె వద్దు, అది ఏ రూపంలో ఉన్నా వారు రానివ్వరు. నెయ్యి పాలతో చేసింది కనుక వదిలేయండి, అక్కడి వెన్న మంచిది, మీరే కాచుకోవచ్చు. మాగాయ తీసుకువెళ్లండి కానీ పత్రంలో తప్పకుండా రాయండి. ఎండు కొబ్బరి సంగతి చాలామందికి తెలియదు: నూనె ఎక్కువగా ఉండి తనంతట తానే వేడెక్కి అంటుకొనే గుణం ఉన్నందున దానిని విమానంలో ప్రమాదకర సరుకుగా లెక్కిస్తారు. పొట్లం విప్పి బయట పెట్టిస్తారు. మావిడికాయ ముక్కలతో పాటు ఎంతో ప్రేమగా చుట్టిన కొబ్బరి చిప్పలు చెత్తబుట్టలో పడటం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. చూసిన ప్రతిసారీ బాధే.

వేట విషయానికి వస్తే, ప్రభుత్వ అడవుల్లో అక్కడి సంరక్షణ శాఖ అనుమతి పత్రం తీసుకోవాలి. తుపాకీ లైసెన్సు లేని అతిథి, లైసెన్సు ఉన్నవారు పక్కనే ఉండి చూస్తుండగా మాత్రమే తుపాకీ పట్టుకోవచ్చు.

ప్రశ్న: విదేశాల్లో అడవిపందిని కొట్టడం తప్పు కానప్పుడు, మా పంటను నాశనం చేస్తున్న పందిని, వేటాడే ఆచారమున్న చైత్రపర్బ పండుగ నాడు కొడితే తప్పేమిటి? (కోరాపుట్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆచారమైనా చట్టం ఒప్పదండీ. పంటకు, ప్రాణానికి ప్రమాదకరమైన జంతువు విషయంలో వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అటవీ అధికారి కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వగలరు. మీ బాధ నిజమైనది, దానిని దరఖాస్తుగా రాసి ఫారెస్టు రేంజి కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. నష్టపరిహారానికీ ఆ కాగితమే ఆధారం.

ప్రశ్న: మా అల్లుడుగారు టెక్సాస్‌లో ఒక రాంచ్‌లో డబ్బు కట్టి కృష్ణజింకను వేటాడారు. ఆ కొమ్ములు పాలిష్ చేయించి, మా కొత్త ఇంటి గోడకు బాగుంటాయని నాకు ఇచ్చారు. రాంచ్ బిల్లు ఉంది. తిరిగి వచ్చేటప్పుడు పెట్టెలో తెచ్చుకోవచ్చా? ఎండబెట్టిన మాంసం కూడా రెండు కిలోలు ఇస్తామంటున్నారు. (బరంపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కొమ్ములూ వద్దు, మాంసమూ వద్దు. మీరు బరంపురం వారు కనుక మీకు కొంచెం వివరంగా చెబుతాను. కృష్ణజింక మన నేల జంతువు. 1930ల్లో దానిని టెక్సాస్ రాంచ్‌లలోకి తీసుకువెళ్లారు. అక్కడ అది బయటి జంతువు కనుక యజమాని అనుమతితో ఏడాది పొడవునా వేటాడవచ్చు, మీ అల్లుడుగారు ఏ తప్పూ చేయలేదు. అదే జంతువు ఇక్కడ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. ఆ షెడ్యూలులోని జంతువు కొమ్మో చర్మమో దగ్గర ఉంచుకొన్న నేరానికి మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకూ జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. మెలికలు తిరిగిన ఆ కొమ్ము టెక్సాస్‌లో పెరిగిందో, గంజాం పొలాల్లో పెరిగిందో చూపుతో చెప్పగల అధికారి ఎవరూ లేరు. రాంచ్ బిల్లు డబ్బు కట్టినందుకు రుజువు, దిగుమతికి అనుమతి కాదు. చట్టం నిర్వచనంలోకి వచ్చే అడవి జంతువులనూ వాటి భాగాలనూ మన దిగుమతి విధానం నిషేధించింది. పెట్టెలో దొరికితే కస్టమ్స్ వారు జప్తు చేయడంతో ఆగదు, అటవీ శాఖకు అప్పగిస్తారు. ఒకవేళ ఎలాగో దాటి వచ్చినా, గోడ మీద ఉన్నంత కాలమూ అది మీ ఇంట్లో ఉన్న నేరమే. మీ తరువాత మీ పిల్లలు దానికి జవాబు చెప్పుకోవాలి.

కూడూ, ఇంపాలా వంటి ఆఫ్రికా జింకలు అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లో లేవు కనుక వాటి కొమ్ములు తేవచ్చని కొందరు వేట నిర్వాహకులు చెబుతుంటారు. వారు చెప్పేది తమ దేశం నుంచి పంపడం గురించి మాత్రమే. జంతువుల సరుకు మన దేశంలో దిగాలంటే ముందే తీసుకున్న ఆరోగ్య దిగుమతి అనుమతి పత్రం కావాలి, ఎండు మాంసానికీ ఇదే అడ్డంకి. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి, ‘ఇంటి వంట’ అని రాసినంత మాత్రాన అది మాంసం కాకుండా పోదు.

మీకు దగ్గరలోనే, భేట్నోయి, బాలిపదర ఊళ్ల చుట్టూ పొలాల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతుంటాయి, మీరు చూసే ఉంటారు. అవి వస్తే వానలు వస్తాయని నమ్మి, చేను మేసినా అదిలించకుండా ఆ ఊళ్లవారు తరతరాలుగా వాటిని కాపాడుకుంటున్నారు. ఆ జిల్లాలో ఇంటి గోడ మీద ఆ కొమ్ములు చూసినవారు ఏమనుకుంటారో మీకు తెలియనిది కాదు. అల్లుడుగారు ప్రేమతో ఇచ్చినది కాదనడం కష్టమే. ఆ కొమ్ములు, రాంచ్ బిల్లుతో సహా, వారి ఇంట్లోనే ఉంచమనండి, మీరు వెళ్లినప్పుడల్లా అక్కడ చూసుకోవచ్చు. ఆ రోజు రాంచ్‌లో తీసిన ఫొటో పెద్దదిగా అచ్చు వేయించి, గొట్టంలో చుట్టి చేతిసంచిలో తెచ్చుకోండి. దానిని ఏ విమానాశ్రయంలోనూ ఎవరూ ఆపరు.